అచ్చుతప్పుల అక్కయ్య

మా ప్రెస్సులో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఓనరు మొదలుకొని కాగితం కట్టలు మోసే మనిషి దాకా అందరికీ ఆవిడ అక్కయ్యే. బయట వీధిలో మాత్రం అచ్చుతప్పుల అక్కయ్య అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. మా సందు మొదట్లో ఒక పళ్ళ డాక్టరు కొత్తగా బోర్డు పెట్టాడు. "దంత వైద్యశాల" అని రాయమంటే రాసినవాడు "దంతి వైద్యశాల" అని రాసిపోయాడు. ఎంతోమంది ఆ బోర్డు కిందనుంచే నడిచారు, ఎవరికీ పట్టలేదు. అక్కయ్య చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, "డాక్టరుగారూ, దంతి అంటే ఏనుగండీ. నిజంగా ఏదైనా వచ్చి కూర్చుంటే మీ కుర్చీ ఆగదు" అని చెప్పి వచ్చింది. దగ్గుమందు కాగితం మీద "పిల్లలకు రెండు చెంచాలు" అనాల్సిన చోట "పిల్లులకు" అని పడితే ఆ కంపెనీకి కార్డు రాసింది. జవాబు రాలేదు. "పిల్లులకి చదువొస్తే అవే రాసుండేవి" అంది నాతో.

నేను బైండింగులో పనిచేసేదాన్ని. మేడమీద పొడుగాటి గదిలో ఒక పక్క మా బల్ల, మధ్యలో చెక్క అడ్డం, అవతల కిటికీ దగ్గర ఆవిడ బల్ల. కింద యంత్రం నడుస్తుంటే పైన నేల సన్నగా వణుకుతుండేది. ఆ వణుకులోనే ఆవిడ ఎర్ర పెన్ను పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రూఫులు దిద్దేది. ప్రూఫు చదవడమంటే చదవకుండా చూడటం అని చెప్పేది. "కథలో పడ్డావో, తప్పు నీ ముక్కు కిందనుంచే నడిచిపోతుందే. అందుకే ప్రతి పుస్తకాన్నీ రెండుసార్లు పట్టుకుంటాను. ఒకసారి జీతానికి, ఒకసారి నాకు."

ఆవిడకి తెలుసుకోవాలన్న యావ అంతా ఇంతా కాదు. నేను అన్నం చుట్టి తెచ్చుకున్న పాత పేపరును విప్పి, నూనె మరకల మధ్య మిగిలిన సగం వార్త చదివేది. మిగతా సగం ఏమైందోనని ఆ పూటంతా తనే ఊహించేది. బావిలో పడ్డ మనిషిని పైకి తీశారా లేదా? దొంగ వదిలేసి పోయిన ఆ ఒక్క చెప్పు ఎవరిది? చెడిపోయిన ప్రూఫు కాగితాల వెనక ఇలాంటివే ఏవో రాసుకునేది. ఎవరికోసం రాస్తున్నావంటే, "నోట్లో ఉన్న మాట ఊరికే ఉంటుంది, కాగితం మీద పెడితే జవాబడుగుతుంది" అనేది. నాకు అప్పట్లో అర్థం కాలేదు.

ఆ యేడు వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆవిడ తలనొప్పితో లేచింది. గుమ్మంలో పడి ఉన్న పేపరు తీసుకుని కుర్చీలో కూర్చుని, భర్తను పిలిచింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి, మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్న మనిషి.

"ఏవండీ, ఇది ఏ భాష పేపరు? పొరపాటున మనింట్లో వేసినట్టున్నాడు."

ఆయన వచ్చి చూశాడు. "ఏ భాషేమిటి? రోజూ వచ్చేదే. కళ్ళజోడు పెట్టుకో."

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆవిడ మళ్ళీ చూసింది. అక్షరాలు కనిపిస్తున్నాయి. గుండ్రాలు, కొమ్ములు, సున్నాలు, కింద వేలాడే వొత్తులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అవి ఏమీ చెప్పడం లేదు, అంతే. నత్తలు పాకి వెళ్ళిన మడిలా ఉంది పేజీ. గోడమీద క్యాలెండరు, సబ్బు మీది కాగితం, బియ్యం సంచీ, ఎటు చూసినా అదే. పేపరు అంచున ఖాళీ ఉంటే అక్కడ తన పేరు రాసింది. చెయ్యి ఎప్పటిలాగే చకచకా రాసేసింది. రాసింది తనే. ఒక్క క్షణం ఆగి చూసేసరికి అది ఎవరో రాసి పారేసిన పిచ్చిగీతలా ఉంది.

ఆ సంగతి ఆవిడ భర్తకి చెప్పలేదు. "చూపు మసగ్గా ఉంది" అని మాత్రం అంది. పేపరు మడిచి, చీర మార్చుకుని, ప్రెస్సుకి వచ్చింది. వచ్చేటప్పుడు కుడివైపు తలుపు కమ్మీకి భుజం కొట్టుకుంది. ఆ వారంలో అలా మూడు నాలుగుసార్లు తగిలింది. కుడిపక్క ఏదుందో ఆవిడకి తెలియడం లేదని మాకెవరికీ తట్టలేదు.

ఎందుకు దాచావని తర్వాతెప్పుడో అడిగాను. "చెప్తే నిజమైపోతుందనిపించింది" అంది. భర్త సంపాదన ఆగిపోయింది, అదొక భయం. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. చదవలేని ప్రూఫు రీడరంటే నీళ్ళు చూస్తే కళ్ళు తిరిగే పడవవాడు లాంటివాడు. ఎవరికి చెప్పుకుంటాడు? రేపటికి సర్దుకుంటుంది, ఎల్లుండికి సర్దుకుంటుంది అనుకుంటూ రోజులు నెట్టుకొచ్చింది. కళ్ళలో మందు వేసుకున్నానని చెప్పి, టైపు చేసే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవమనేది. వింటూ పెన్ను కదిలించేది. చెవికి తగిలిన తప్పులు పట్టుకునేది, మిగతావి ఆ టైపు పిల్లే పట్టేది. ఆవిడ పేజీ కింద సంతకం పెట్టేది. సంతకం మాత్రం ఎప్పటిలాగే అందంగా వచ్చేది.

తాళాలవాడు వచ్చింది ఆ రోజుల్లోనే.

బజారు చివర చిన్న కొట్టులో తాళాలు బాగుచేసే మనిషి. చేతివేళ్ళ సందుల్లో ఇనుప పొడి ఎప్పటికీ పోదు ఆయనకి. జ్వరంతో పోయిన కూతురు రాసుకున్న కాగితాలు గుడ్డలో చుట్టి తెచ్చాడు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. చిన్న చిన్న రాతలు, రెండువైపులా నింపి రాసింది. పుస్తకంగా వేయించి, ఆ పిల్ల పోయి ఏడాది తిరిగేసరికి బంధువుల చేతుల్లో పెట్టాలని ఆయన కోరిక. మొదటి పేజీలో వేయడానికి తనే ఒక ముక్క రాసి తెచ్చాడు: "మా చల్లని తల్లికి, అమ్మా నాన్నా."

"ప్రూఫు ఒకసారి మీరూ చూసుకోండి" అన్నాడు ఓనరు.

"నాకు దాని అక్షరాలు చూస్తే చూపు నిలవదండీ. మీ దగ్గర చూసే మనిషి ఉందిగా, ఆవిడ తప్పు వదలదని బజారంతా చెప్పుకుంటారు" అన్నాడు ఆయన, అక్కయ్య వైపు చూసి చేతులు జోడించాడు.

ఆ పుస్తకం ప్రూఫులు వచ్చిన రోజు టైపు చేసే పిల్ల సెలవు పెట్టింది. కింద యంత్రం ఖాళీగా ఉంది, ఓనరు తొందరపెడుతున్నాడు. అక్కయ్య ఆ కాగితాలు ముందేసుకుని ఒక పూటంతా కూర్చుంది. ఒక్కో పేజీ తిప్పింది. అక్కడక్కడ ఎర్ర పెన్నుతో చుక్క పెట్టింది, చూసినట్టు ఉండటానికి. అన్ని పేజీల కిందా సంతకం చేసి కిందికి పంపింది. నేనే వాటిని మడిచాను, కుట్టాను, అట్టలేశాను. మాకు చదివే తీరిక ఉండదు, చేతులకి అంచులే తెలుస్తాయి.

పుస్తకాలు తీసుకెళ్ళిన కొన్నాళ్ళకి తాళాలవాడు మళ్ళీ మేడమెట్లు ఎక్కాడు. వెనక ఓనరు. తాళాలవాడి చేతిలో ఒక్కటే పుస్తకం. కోపంగా ఉన్న మనిషిలా లేడు, దారి తప్పినవాడిలా ఉన్నాడు. మొదటి పేజీ తెరిచి అక్కయ్య బల్లమీద పెట్టాడు.

"ఏముందో చదవమ్మా."

అక్కయ్య పేజీ వంక చూసింది.

"చదువమ్మా. పైకి చదువు. మా ఇంట్లో కూడా ఇలాగే పైకి చదివారు. నిండుగా జనం ఉన్నారు. మా బావమరిది నిలబడి చదివాడు."

నేను పక్కనుంచి తొంగి చూశాను. పెద్ద అక్షరాలతో ఉంది: "మా చెల్లని తల్లికి." చల్లని తల్లి కాస్తా చెల్లని తల్లి అయింది, చెల్లని రూపాయిలాగా. అంత చిన్న ఎత్వం.

"చదివి వాడు ఆగిపోయాడు" అన్నాడు తాళాలవాడు. "వెనక ఎవరో ఫక్కుమన్నారు. కావాలని కాదు, ఆపుకోలేక. దాని తల్లి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆరోజు మొదలు నాతో మాట్లాడట్లేదు. నువ్వు చూస్తావనే కదమ్మా నేను చూడలేదు?"

"అక్కయ్యా, నీ సంతకం ఉంది" అన్నాడు ఓనరు. "ఇంతమాత్రం ఎలా కనబడలేదు?"

అక్కయ్య లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"నాకు చదవడం రాదండీ" అంది. "వానలు పట్టినప్పట్నుంచి రావట్లేదు. కళ్ళకి కనిపిస్తాయి, కానీ ఏమిటో తెలీదు. ఈ పుస్తకం నేను చదవలేదు. తిప్పానంతే."

నా చేతిలో జిగురు కుంచె ఎండిపోతోంది. తాళాలవాడు ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు.

"అంటే," అన్నాడు మెల్లగా, "టైపు చేసినవాళ్ళు చేశారు, అచ్చేసినవాళ్ళు వేశారు, కుట్టినవాళ్ళు కుట్టారు. నేను చూపు నిలవక చూడలేదు. మా పిల్ల రాసింది ఇంతవరకూ ఎవరూ చదవలేదన్నమాట."

మళ్ళీ అచ్చు వేసిస్తానని ఓనరు అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎవరికి పంచను? ఇంకోసారి పిలిస్తే ఎవరొస్తారు?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పుస్తకం బల్లమీదే ఉండిపోయింది. ఆ సాయంత్రమే అక్కయ్య తన కళ్ళజోడు డబ్బా, మంచినీళ్ళ సీసా సంచీలో వేసుకుని ఇంటికి పోయింది. ఓనరు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

భర్త పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. తల లోపల వెనకపక్క రక్తం అందక ఒక ముక్క చచ్చిపోయిందని చెప్పాడు డాక్టరు. కళ్ళు బాగున్నాయి, చెయ్యి బాగుంది, కళ్ళకి కనబడినదాన్ని మాటగా మార్చే దారి ఒక్కటే తెగింది. "రాయగలరు, చదవలేరు. ఇలాంటిది అరుదు" అన్నాడు.

"మళ్ళీ వస్తుందా అండీ?" అని అడిగాడు భర్త.

"రాదనే అనుకోండి."

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో నేను వెళ్ళినప్పుడల్లా చూశాను. ఆయన ఆవిడ బాధ చూడలేక పేపరు మాన్పించాడు, క్యాలెండరు తిప్పి గోడకి పెట్టాడు. దానికి ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది. "నేను గుడ్డిదాన్ని కాదు, అక్షరాలేం పాములు కావు. ఎందుకు దాస్తున్నారు?" ఆయన ఆ క్యాలెండరు మళ్ళీ తిప్పి పెట్టి, వాకిట్లో బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ కాగితాల మీద రాస్తూనే ఉండేది. రాసింది తను చదువుకోలేదు కాబట్టి ఆయన్ని చదవమనేది. ఆయన బస్సు బోర్డులు చదివిన మనిషి, ఒక్కో మాటా ఒక్కో స్టాపులా ఆగి ఆగి చదివేవాడు. "నేను రాసింది ఇదేనా?" అని ఆవిడ అనుమానంగా అడిగేది. "కాకపోతే నేను కల్పించానా? నాకంత తెలివుంటే బస్సెందుకు తోలతాను?" అనేవాడు ఆయన.

ఒక రోజు ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని వాకిలి కడుగుతోంది. నీళ్ళ మీటరు మీద పోత ఇనుపమూత ఉంటుంది కదా, దానిమీద ఉబ్బెత్తుగా అక్షరాలుంటాయి. బురద తీయడానికి వేలితో ఆ అక్షరం చుట్టూ గీసింది. గీస్తుంటే చెయ్యి, తనే రాస్తున్నట్టుగా, ఆ వంపు గుర్తుపట్టింది. న. పైన గుడి, దానికి దీర్ఘం. నీ. పక్కదాని చుట్టూ గీసింది. రు. "నీరు" అని పైకి అంది. ఆ మాట విని భర్త కుంటుకుంటూ మంచినీళ్ళు తెచ్చాడట.

కళ్ళు మరిచిపోయింది చేతికి గుర్తుంది. అచ్చు అక్షరాన్ని కళ్ళతో చూస్తూ, అదే ఆకారం ఎడమ అరచేతిలో కుడి చూపుడువేలితో గీసుకుంటే చెయ్యి చెప్పేది అదేమిటో. ఒక మాటకి ఎంతో సేపు పట్టేది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేది. మళ్ళీ మొదటికి. ఒకప్పుడు పూటకి ఒక పుస్తకం ఊదేసిన మనిషి.

నేను వెళ్ళినప్పుడు అడిగింది. "ఆ తాళాలాయన వదిలేసిన పుస్తకం ఉందా?"

"ఉంది. నా బల్ల సొరుగులోనే పెట్టాను."

"తీసుకురా. నేను సంతకం పెట్టిన పుస్తకం, చదవాలి కదా."

ఆ చలికాలం అంతా ఆవిడ ఆ ఒక్క పుస్తకమే చదివింది. అరచేతిలో చర్మం ఎర్రగా కమిలిపోయింది. నేను వెళ్తే అప్పటిదాకా చదివింది చెప్పేది. ఆ పిల్ల గొప్పగా ఏమీ రాయలేదు, చాలా మటుకు ఆ వయసు పిల్లలు రాసుకునేవే. కానీ మధ్యలో ఎక్కడో ఒక మాట చటుక్కున లేచి నిలబడేది. తాళంచెవి పోగొట్టుకుని వచ్చినవాళ్ళందరూ నాన్నతో ఒకే మాట అంటారు, ఇప్పుడే ఇక్కడే పెట్టాను అని. పోయినవన్నీ ఇప్పుడే ఇక్కడే ఉన్నట్టు ఎందుకుంటాయి? ఇంకోచోట, మనసులో చదువుకుంటున్నప్పుడు లోపల ఒక గొంతు వినిపిస్తుంది కదా, అది నాదేనా, నాదైతే దాన్ని నేనెప్పుడూ బయట ఎందుకు వినలేదు? ఆ ముక్క చెప్పేటప్పుడు అక్కయ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడకిప్పుడు ఆ గొంతు లేదు. ఆ స్థానంలో వేలు ఉంది.

పుస్తకం చివరికి వచ్చేసరికి ఆవిడకి ఒకటి అడ్డం తగిలింది. అమ్మ గురించి రాసిన ముక్క. అమ్మకి చదువు రాదు, అయినా నేను రాసుకుంటుంటే పని ఆపి పక్కన వచ్చి కూర్చుంటుంది, ఎందుకమ్మా కూర్చుంటావు, నీకిది చదవడం రాదుగా అని అడిగితే అమ్మ... అక్కడితో ఆ పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలో "వానొస్తే ఇనుమంతా తుప్పు పడుతుంది" అని ఇంకేదో సాగింది. ఆవిడ మూడుసార్లు అరచేతిలో గీసి చూసుకుంది. తన వేలు తప్పు చెప్పిందేమోనని నన్ను చదవమంది. చదివాను. అలాగే ఉంది. టైపు చేసేటప్పుడు ఒక కాగితం వెనకవైపు వదిలేశారు. అసలు కాగితం పక్కన పెట్టుకుని పోల్చి చూసే మనిషెవరైనా ఉంటే మొదటి చూపులోనే పట్టుకునేవాళ్ళు.

నేను ప్రెస్సుకెళ్ళి ఆ పిల్ల రాసిన కాగితాలకోసం వెతికాను. గుడ్డ ఒక్కటే దొరికింది, యంత్రం తుడవడానికి వాడుతున్నారు. పని అయిపోయిన కాగితాలన్నీ ఎప్పటిలాగే తూకానికి వేసేశామన్నాడు ఓనరు. తిరిగి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, తాళాలాయనా అడగలేదు.

"ఆయనకి చెప్పకు" అన్నాను అక్కయ్యతో. "ఆయన పుస్తకం తెరవలేదు. తెరవడు కూడా. తెలియని దెబ్బ దెబ్బ కాదు."

"నాకు తెలుసు కదా" అంది ఆవిడ.

ఇద్దరం కలిసి వెళ్ళాం. బజారు వెనక రెండు గదుల ఇల్లు. తాళాలవాడు చాప వేశాడు. ఆయన భార్య గుమ్మం అవతల నేలమీద కూర్చుని ఉంది, ఇటు తిరగలేదు. అక్కయ్య పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. తను ఎలా చదివిందో, ఏం చదివిందో, ఏది లేదో చెప్పింది. కాగితాలు తూకానికి పోయాయని కూడా చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

"పైకి చదవనా అన్నా?" అంది. ఆయన వద్దనలేదు. ఆవిడ అరచెయ్యి చాపి, ఒక్కో అక్షరం గీసుకుంటూ మొదలుపెట్టింది. అమ్మకి చదువు రాదు. చాలాసేపు పట్టింది. గుమ్మం అవతల ఆ తల్లి చేతిలో పని ఆగిపోయింది. "అని అడిగితే అమ్మ" దగ్గర అక్కయ్య ఆగింది.

"మీరు ఏమన్నారమ్మా?" అని అడిగింది అటు తిరిగి. "అది మీకు తెలుసు కదా. ఇక ఎక్కడా లేదు, మీ దగ్గరే ఉంది."

ఆవిడ ఇటు తిరిగింది. మేం అనుకున్నదానికంటే చిన్న వయసు. పెదాలు కదిలాయి. ఏదో లోపల తవ్వుతున్నట్టు కళ్ళు నేలమీద అటూ ఇటూ తిరిగాయి. మేం ముగ్గురం ఆవిడవైపే చూస్తున్నాం.

"గుర్తు లేదు" అంది. "ఎన్నో అడిగేది. ఏదో ఒకటి అనేదాన్ని. అన్నం ఉడుకుతుంటే ఏదో అనేస్తాం కదా. అది రాసుకుంటుందని నాకేం తెలుసు?" మొగుడి వైపు తిరిగింది. "అది నిజంగా అడిగిందా? నేను ఏమన్నాను? ఏమయ్యా, నువ్వున్నావా అప్పుడు? నేను ఏమన్నాను?"

ఆయన కూడా లేడు అప్పుడు. కొట్టులో ఉన్నాడు.

ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను. మొగుడితో మాటలు మొదలయ్యాయి, అదొక్కటే ఆ రోజు జరిగిన మంచి. అదీ ఇలా మొదలవ్వాల్సింది కాదు. మేం లేచి వస్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఇంక రాకమ్మా. నిన్ను చూస్తే అదే అడుగుతున్నట్టుంటుంది" అంది అక్కయ్యతో. అక్కయ్య సరేనంది. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. దారిలో మాత్రం, "తప్పు చేశానంటావా?" అని అడిగింది. వాళ్ళకి చెప్పకుండా ఉండుంటే బాగుండేదని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆవిడ స్థానంలో ఉంటే చెప్పకుండా ఉండగలిగేదాన్నా అన్నది వేరే మాట.

తర్వాత ఏడాది ఎండల్లో అక్కయ్యకి తలలో రక్తం అందని ఆ జబ్బు రెండోసారి వచ్చింది. ఈసారి కుడిచెయ్యి పడిపోయింది. దానితో రాయడమూ పోయింది, చదవడమూ పోయింది. మాట కొంచెం ముద్దగా వస్తుంది కానీ అర్థమవుతుంది. సెలవు రోజుల్లో నేను వెళ్ళి ఏదో ఒకటి చదివి వినిపిస్తాను. ఆవిడ ఊరుకోదు. మధ్యలో ఆపి అడుగుతుంది: ఆ ఓడ మునిగినప్పుడు లోపలున్న పక్షులేమయ్యాయి? ఆ జడ్జి ఇంటికెళ్ళి అన్నం తిన్నాడా? పుస్తకంలో ఉండదు, నాకూ తెలీదు. తెలీదంటే ఆవిడకి నచ్చదు. "ఆలోచించు" అంటుంది.

పోయిన వారం వెళ్ళేసరికి భర్త ఆవిడకి గంజి తాగిస్తున్నాడు. మూతి తుడిచి లేచాడు. నేను పుస్తకం తెరవబోతుంటే ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి ఆపింది.

"ఆ తల్లి ఏమని ఉంటుందంటావ్?"

"ఊరికే కూర్చున్నానే అని ఉంటుంది."

ఆవిడ కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "ఊరికేనంటే ఆ పిల్ల రాసుకోదు" అంది. వంటింట్లోంచి భర్త, "నీ పక్కన చల్లగా ఉందే అని ఉంటుంది" అన్నాడు. దానికీ తల ఊపింది, కాదని. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఇంకోటి ఆలోచించడం మొదలుపెట్టాను.